ముందు బెంచీ నోరు

పరీక్ష గదిలో పంకా తిరుగుతుంటే ఊపిరి చప్పుడు తెలియదని పరీక్షాధికారి దాన్ని ఆపించేశాడు. దాంతో లోపలికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు చెమట తుడుచుకుని, తర్వాత నమస్కారం పెట్టి, ఆ తర్వాత కుర్చీ అంచున కూర్చుంటున్నారు. కిటికీ పక్కన కూర్చున్న టీచరు ఒక వాక్యం పలుకుతుంది. ఎదురుగా ఉన్నవాళ్లు దాన్ని తిరిగి పలికి, దానికి తగ్గ జవాబు చెప్పాలి. పరీక్షాధికారి కళ్లు మూసుకుని వింటాడు. కళ్లు మూసుకుంటేనే చెవులు పనిచేస్తాయని ఆయన సిద్ధాంతం. మొదట వచ్చిన మనిషి, పాపం, ఆయన నిద్రపోయాడనుకుని మర్యాదగా గొంతు తగ్గించేశాడు. "ఊఁ, కానీ" అని ఆయన కసిరేసరికి ఉలిక్కిపడి నేర్చుకున్నదంతా మరిచిపోయాడు.

అది పెద్దాసుపత్రి. కింది అంతస్తులో లాండ్రీ, వంటిల్లు, స్టోరు. అక్కడంతా మన మాటే. మెట్లెక్కి పైకి వెళితే వార్డులు, డాక్టర్లు, రోగుల చుట్టాలు. అక్కడ వేరే భాష. ఆ భాషకి పేరుంది గానీ లాండ్రీ వాళ్లెవరూ ఆ పేరుతో పిలవరు. పై అంతస్తుల్లో వినపడేది కాబట్టి పైభాష అంటారు. ఈ నెలాఖరుకి లాండ్రీ మూసేస్తున్నారు. దుప్పట్లు ఇకనుంచి బయటి కంపెనీకి పోతాయట. పైభాషలో నోటిపరీక్ష పాసైనవాళ్లకి పైన ఏదో ఒక కుర్చీయో స్టూలో దొరుకుతుంది. తప్పినవాళ్లు ఇంటికి. ఇంతకంటే వివరంగా ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

ఆ రోజు వెనక బెంచీ వాళ్ల వంతు. ఆసుపత్రి వాళ్లు నడిపే ఈ బడిలో బెంచీలు ఎవరికి తోచినట్టు వాళ్లు పట్టుకునేవి కావు. చేరిన మొదటి రోజే చెవిపరీక్ష పెడతారు. ఏ భాషకీ చెందని శబ్దాలు కొన్ని టీచరు పలుకుతుంది, విన్నది విన్నట్టు తిరిగి అనాలి. బాగా అన్నవాళ్లది ముందు బెంచీ, ఓ మాదిరివాళ్లది మధ్య బెంచీ, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుండేవాళ్లది వెనక బెంచీ. ఆ వెనక బెంచీలో గోడవార కూర్చునేది ఇస్త్రీ బాబాయి. ఆయన నోట్లో పడితే ఏ భాషైనా నిమిషంలో మన భాష అయిపోతుంది. పై పళ్లు కింది పెదవికి ఆనించి మెత్తగా ఊదాల్సిన శబ్దాన్ని ఆయన రెండు పెదాలూ గట్టిగా అదిమి, బిరడా పీకినట్టు పీకుతాడు. పరీక్షాధికారి కళ్లు తెరవకుండానే నవ్వి, "అర్థమవుతుందిలే, పాస్" అన్నాడు. బాబాయి నమ్మలేక కుర్చీలోనే ఉండిపోతే టీచరే లేపి పంపించాల్సి వచ్చింది.

సాయంత్రానికి పరీక్షాధికారి చెవులు అలిసిపోయాయి. పొద్దుటినుంచీ రాళ్లవానలో కూర్చున్నట్టుందనీ, ముందు బెంచీలోంచి ఒక్క మంచి నోరు వినిపిస్తే రోజు తీపిగా ముగుస్తుందనీ అన్నాడు. సంతోషించాల్సిన మాటే కాబట్టి టీచరు సంతోషించినట్టు తలూపి రేడియోని పిలిపించింది.

రేడియో అంటే లాండ్రీలో దుప్పట్లు ఉతికి మడతపెట్టే అమ్మాయి. అసలు పేరు ఇంకేదో ఉంది. ఎవరి గొంతైనా ఒక్కసారి వింటే చాలు, దింపేస్తుంది. సూపర్‌వైజరు దగ్గు, స్టోర్‌కీపరు సణుగుడు, ఉతికే యంత్రం ఆగిపోయే ముందు పెట్టే మూలుగు, అన్నీ ఆ పిల్ల గొంతులో ఉన్నాయి. పరీక్షాధికారి వచ్చిన రోజునే మెట్ల దగ్గర ఆయన నడకా, ఆ "ఊఁ, కానీ" అనే కసురూ చేసి చూపిస్తుంటే, లాండ్రీ అంతా పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, వెనకనుంచి ఆయనే వచ్చాడు. దాటుకుని వెళ్లిపోయాడు. మనసులో పెట్టుకునే మనిషని అప్పుడు ఎవరికీ తెలియదు.

రేడియో వచ్చి కూర్చుంది. టీచరు వాక్యం పలికింది. డాక్టరుగారు పైన ఉన్నారు, కాసేపు కూర్చోండి అని దాని అర్థం. పైభాషలో ఆ వాక్యం నిండా పెదాలకే పని. ఊదాలి, మూతి సున్నాలా చుట్టాలి, మళ్లీ ఊదాలి. రేడియో మెడ నిటారుగా నిలిపి, ఒళ్లు దగ్గర పెట్టుకుని తిరిగి పలికింది.

పరీక్షాధికారి కళ్లు తెరిచాడు.

ఆ పిల్ల మూతి ఎడమవైపుకి లాక్కుపోయి ఉంది. కింది పెదవి ఓ పక్క లేచింది, రెండో పక్క వేలాడింది, ఆ సందులోంచి గాలి బుస్సుమని జారింది. ఆయన రేడియో నోటివంక చూశాడు. తల తిప్పి టీచరు నోటివంక చూశాడు. ఇంకోసారి అనమన్నాడు. మొదటిసారి సరిగ్గా రాలేదేమోనని ఆ పిల్ల మరింత శ్రద్ధగా, మరింత బాగా, అంటే మరింత వంకరగా అంది.

"ఎవర్ని వెక్కిరిస్తున్నావో తెలుస్తోందా నీకు?"

"నేనెవర్నీ వెక్కిరించట్లేదండి. పరీక్ష చెప్తున్నా."

"నన్ను చేశావు, ఊరుకున్నాను. జబ్బుపడి లేచిన మనిషిని, నీకు చదువు చెప్పిన మనిషిని, ఆవిడ ఎదుటే చేస్తావా? లే. బయటికి నడు."

రేడియో టీచరు వైపు చూసింది. మీరు చెప్పండి అన్నట్టు చూసింది. టీచరు కిందపడని పెన్నుని తీసుకోవడానికి వంగింది. లేచేసరికి ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

ఎందుకు ఊరుకుందో ఆవిడకే తెలియదు. కోపం వచ్చిందా అంటే రాలేదు. ఆ పిల్ల నిజంగానే వెక్కిరించిందనుకుందా అంటే, అనుకుంది. అనుకుని కూడా నొచ్చుకోలేదు. కిందటి చలికాలంలో ఒక పొద్దున్న నిద్రలేచి పుక్కిలిస్తే నీళ్లు నోటి మూలనుంచి కారి జాకెట్టు తడిసింది. మొహంలో కుడిసగం చచ్చుబడింది. మందులయ్యాయి, కరెంటు పెట్టించుకోవడమయింది, తగ్గిపోయిందని డాక్టరన్నాడు. అసలేం తెలియట్లేదండీ అని చుట్టూ ఉన్నవాళ్లన్నారు. మొహం సంగతి ఎలా ఉన్నా లోపలి తిమ్మిరి మాత్రం దిగలేదు. చావు కబురు వింటే అయ్యో అనాలి కాబట్టి అయ్యో అంటోంది. జోకేస్తే నవ్వాలి కాబట్టి నవ్వుతోంది. పాఠం చెప్పాలి కాబట్టి చెబుతోంది. రేడియో వెళ్లిపోయిన కుర్చీ చూసినా అంతే, ఏమీ అనిపించలేదు.

పరీక్షాధికారి టీ తెప్పించాడు. ఇలాంటి వాటిని పట్టించుకోకూడదన్నాడు. గురువంటే భయం, భక్తీ రెండూ పోయాయనీ, తన కాలంలో అయితే ఇలా ఉండేది కాదనీ చాలాసేపు చెప్పాడు. టీచరు టీ కప్పుని ఎడమ మూలకి ఆనించుకుని తాగుతూ ఊఁ కొట్టింది.

ఇంటికి వెళ్లేసరికి భర్త తను నడిపే స్కూలు బస్సు షెడ్డులో పెట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఉతికిన బట్టలు తీగమీదనుంచి తీస్తున్నాడు. ఆయన నెమ్మదస్తుడు. హారన్ కొట్టడం కూడా ఇష్టముండదు, ముందువాడు వాడంతట వాడే తప్పుకుంటాడని ఊరుకుంటాడు. వడ్డించి ఎదురుగా కూర్చుని, తన మూతి ఇంకా వంకరగా ఉందా అని అడిగింది ఆవిడ.

"అబ్బే" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

"నిజం చెప్పండి."

ఆయన తినడం ఆపి ఆవిడ మొహంవంక చూశాడు. చాలాసేపు చూశాడు. వంకర ఎక్కడ మొదలవుతుందో వెతుక్కుంటున్న మనిషిలా ఉన్నాడు.

"నాకు తెలీదే. మొదట్లో తెలిసేది. ఇప్పుడు నీ మొహం ఇదే. ముందెలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే రావట్లేదు."

ఈ మాటకైనా గుండెల్లో ఏదో ఒకటి కదులుతుందేమోనని ఆవిడ కాసేపు ఎదురుచూసింది. ఏమీ కదల్లేదు. ఆయనకి మరో గరిటె వడ్డించింది.

గిన్నెలు సర్దాక అద్దం ముందు నిలబడి ఆ వాక్యం పలికి చూసుకుంది. రోజూ చూసుకునే మొహమే, రోజూ వినే గొంతే. తన గొంతు తన చెవికి ఎప్పటిలాగే నున్నగా వినిపించింది. బియ్యం ఎసట్లో ఉడుకుతున్నాయో లేదో బియ్యానికేం తెలుస్తుంది? తిరగేసి, మరగేసి పలికింది. అద్దం మీద ఉమ్మి తుంపరలు పడ్డాయి, అన్నీ ఒక పక్కనే పడ్డాయి. పైటచెంగుతో తుడిచేసింది.

మర్నాడు వంటింటివాళ్లకి పరీక్షలు, వాళ్ల టీచరు వేరే. లాండ్రీ వాళ్లలో మధ్య బెంచీ, ముందు బెంచీ వాళ్ల వంతు ఆ తర్వాతి రోజు. టీచరు క్లాసుకి ముందు లాండ్రీలోకి దిగింది. ఎప్పుడూ దిగని చోటు కాబట్టి అందరూ పనులాపి చూశారు. ఆవిరి మధ్య రేడియో, మడతలక్కా దుప్పటి చెరో అంచూ పట్టుకుని ఉన్నారు. మడతలక్క రేడియోకి వరసకి అక్క. ముందు బెంచీలో ఆ పిల్ల పక్కనే కూర్చుంటుంది. టీచర్ని చూడగానే ఏదో పని గుర్తొచ్చినట్టు అంచు వదిలేసి వెళ్లిపోయింది. దుప్పటి ఒక పక్క నేలమీద పడబోయింది. టీచరు పట్టుకుంది.

రేడియో దుప్పటి జాడించింది. అటువైపు నుంచి టీచరూ జాడించాల్సి వచ్చింది. అంచులు కలపాలి, బిగలాగాలి, ఒకరికొకరు ఎదురు నడవాలి, ఈ చేతిలోవి ఆ చేతిలో పెట్టాలి. మొదటి దుప్పటి అయిపోయింది. రెండోది అందుకుంది రేడియో.

"మీరక్కడే కూచున్నారు కదా టీచరమ్మా. ఒక్క మాట అనలేకపోయారా?"

"నువ్వు నన్ను వెక్కిరించావనుకున్నా."

రేడియో దుప్పటి లాగడం ఆపింది. "మిమ్మల్నా? సూపర్‌వైజర్ని చేశాను, ఆయన్ని చేశాను, మా అత్తని కూడా చేస్తాను. మిమ్మల్ని చేశానని ఎవరైనా చెప్పారా? మీది చెయ్యాలని ఎప్పుడూ అనుకోలేదు. నేను పైభాష మాట్లాడాను, అంతే."

టీచరు ఏదో అనబోయింది. ఆ పిల్ల ఆపలేదు. గొంతు పెంచనూ లేదు.

"పైవాళ్ల మాట మాకు గోడలవతల వినపడేదే. మూతి కనపడేది మీదొక్కటే. పాఠాలు వినిపించే స్పీకరు పాడైంది, నా నోరే చూసి నేర్చుకోండి అన్నారు మీరు. చూశాను. మొదట్లో నేను తిన్నగానే అన్నాను, గుర్తుందా? ఇంకా సరిగ్గా చూడు, ఇంకా సరిగ్గా చూడు అన్నారు. అద్దం చేతికిచ్చి అనిపించారు. వచ్చాక, అందరూ ఇలా అనాలి అని నన్ను నిలబెట్టి మెచ్చుకున్నారు. ఆ వేళ నేను ఇంటికెళ్లి మా అమ్మకి కూడా అని వినిపించాను."

దుప్పటి మడత పూర్తయింది. రేడియో దాన్ని టీచరు చేతిలోంచి తీసుకుని దొంతర మీద పెట్టి, అంచులు సరిచేసి, వీపు తిప్పుకుని యంత్రం దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ రోజు క్లాసుకి రేడియో రాలేదు. ముందు బెంచీలో చివర కాస్త చోటు మిగిలింది. పాసైపోయిన ఇస్త్రీ బాబాయి మాత్రం వచ్చాడు; కింద ఆవిరి, ఇక్కడ పంకా అని ఆయన లెక్క. టీచరు మామూలుగా అయితే బల్ల దగ్గర నిలబడి, తల కాస్త వాల్చి, చెవితో వింటుంది. ఆ రోజు వినడం మానేసి చూడటం మొదలుపెట్టింది. ఒక్కొక్కళ్లనే లేపి అదే వాక్యం అనిపించింది.

వెనక బెంచీ వాళ్ల పెదాలు తిన్నగా ఉన్నాయి. మాట రాదు, మూతి మాత్రం తిన్నగా ఉంది. మధ్య బెంచీలో ఒకళ్లిద్దరికి ఎడమ చెంప కొద్దిగా గుంటపడుతోంది. అలవాటైన కంటికి నవ్వబోతున్నారేమో అనిపించేంతే. ముందు బెంచీ లేచింది. మడతలక్క మూతి ఎడమకి వెళ్లింది. ఆవిడ పక్కనున్న నీళ్లు మోసే పిల్ల మూతి ఎడమకి వెళ్లింది. ఆ పక్కామెదీ అంతే. ఎవరి చెవి ఎంత మంచిదో వాళ్ల మూతి అంత వంకరగా ఉంది. వరసగా అందరి మొహాల మీదా తన మొహమే కనబడుతుంటే టీచరు బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అంది తనలో తాను అనుకుంటున్నట్టు.

ఇస్త్రీ బాబాయి విన్నాడు. ఎంత వరకు అర్థమైందో ఏమో, "అయితే చెవి లేకపోవడం కూడా అదృష్టమేనమ్మా" అన్నాడు. వెనక బెంచీ నవ్వింది. ముందు బెంచీకి ఎందుకు నవ్వారో తెలియలేదు, వాళ్లూ నవ్వారు.

ఎల్లుండి కాదు, రేపే ఈ బెంచీ అంతా ఆ పంకా తిరగని గదిలోకి వెళ్లాలి. ఒకళ్ల తర్వాత ఒకళ్లు వెళ్లి, నేర్పింది నేర్పినట్టు శ్రద్ధగా అప్పజెప్పాలి. ఒక్క రేడియో అంటేనే వెక్కిరింపయింది. ఇంతమంది అంటే కూడబలుక్కుని చేసిన అల్లరే అవుతుంది. వంకర దిద్దుదామా అంటే తిన్నగా పలికి చూపించే నోరు లేదు. పోనీ వెళ్లి ఉన్న సంగతి చెబితే, ఉచ్చారణ నేర్పే టీచరుకి పలకడం రాదని తన నోటితో తానే చెప్పుకున్నట్టు. మింగనూ లేదు, కక్కనూ లేదు. ఇంత జరుగుతున్నా ఆవిడకి భయం వెయ్యలేదు. చెయ్యాల్సిన పని ఒకటుందని మాత్రం తెలిసింది. క్లాసు అయ్యాక సుద్దముక్క డబ్బాలో పెట్టి, బోర్డు తుడిచి, పరీక్షాధికారి గదికి నడిచింది.

ఆయన చెప్పులు విప్పి కాళ్లు ఎదుటి కుర్చీమీద చాపుకుని ఉన్నాడు, ఆవిడ రాగానే దించుకున్నాడు. ఆవిడ చెప్పాల్సింది నిలబడే చెప్పింది. ఆ అమ్మాయి వెక్కిరించలేదు, తన దగ్గర నేర్చుకుంది. ఆ అమ్మాయే కాదు, ముందు బెంచీ మొత్తం అలాగే నేర్చుకుంది. తన మూతి వంకరే వాళ్ల పాఠం.

ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపేశాడు. టీచరుది మరీ సున్నితమైన మనసన్నాడు. ఆ పిల్లని కాపాడటానికి తన మీద వేసుకుంటోందన్నాడు. కూర్చోమన్నాడు. చివరికి, "మీకలా అనిపిస్తోంది గానీ, మీ మొహంలో అసలేం తెలియట్లేదండీ" అన్నాడు.

"తెలియకపోతే, ఆ అమ్మాయి దేన్ని వెక్కిరించిందండీ?"

ఆయన బల్లమీది గాజు గుండుని అటు తిప్పి ఇటు తిప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎదుటివాళ్ల లోపం వాళ్ల మొహం మీద అనకూడదని చిన్నప్పుడెప్పుడో నేర్చుకుని, అదే మర్యాదతో ఇంత వయసు వరకు నెట్టుకొచ్చినవాడు. ఆ మర్యాద ఇప్పుడు అడ్డం తిరిగి ఆయన కాళ్లకే చుట్టుకుంది.

"ఒకవేళ మీరన్నదే నిజమైతే, మిమ్మల్ని ఆ క్లాసులో ఉంచడం కుదరదు. అది తెలుసా మీకు?" అన్నాడు.

తెలుసంది. రేపు పరీక్ష మొదలుపెట్టే ముందు ఒక్కసారి క్లాసుకి వచ్చి కూర్చోమంది. అంతకంటే ఏమీ అడగలేదు.

ఆయన పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ బాబాయి జరిగి చోటిస్తే వెనక బెంచీలో కూర్చున్నాడు. టీచరు పంకా ఆపించింది. ఇది పరీక్ష కాదు, రోజూ చేసేదే చేద్దామని పిల్లలతో చెప్పింది. పిల్లలంటే అందులో మనవలున్నవాళ్లు కూడా ఉన్నారు. బెంచీ ఎక్కితే ఎవరైనా పిల్లలే. ఆవిడ వాక్యం పలికింది. క్లాసంతా ఒక్క గొంతుతో తిరిగి పలికింది. వెనకనుంచి దబదబమని రాళ్లు పడ్డాయి, ముందునుంచి బుస్సుమని గాలి జారింది. పరీక్షాధికారి అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నాడు.

"కళ్లు తెరిచి చూడండి" అంది టీచరు.

మళ్లీ పలికింది. ముందు బెంచీని మాత్రమే లేపి అనిపించింది. వెనకనుంచి మూతులు కనపడవు కదా, ఆయనే లేచి ముందుకి వచ్చాడు. బోర్డు పక్కన నిలబడి, టీచరు మొహం, బెంచీ మొహాలు, టీచరు మొహం, బెంచీ మొహాలు, ఇలా తలతిప్పి తిప్పి చూశాడు. ముందు బెంచీ వాళ్లు ఆయన కోసమని మరింత బాగా అన్నారు. మడతలక్కైతే మెచ్చుకుంటాడేమోనని చివర్లో చిన్న నవ్వు కూడా నవ్వింది.

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, ఆ మొన్నటి అమ్మాయిని పిలవమన్నాడు.

రేడియో చేతులు పావడాకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పరీక్షాధికారి వాక్యాన్ని స్వయంగా పలికి, తిరిగి అనమన్నాడు. రేడియో నేలవంక చూసింది.

"నేను అననండి. అంటే మిమ్మల్ని చేస్తున్నానంటారు."

ఆయన మొహం ఎర్రబడింది. ఆ మాట న్యాయమైనదే కాబట్టి తిట్టడానికి ఏమీ దొరకలేదు. టీచరు వెళ్లి రేడియో పక్కన నిలబడింది.

"నా నోరు చూడకు. ఆయన నోరు చూడు. చూసి ఎలా వస్తే అలా అను. ఎవరేమన్నా ఈసారి నేను మాట్లాడతాను."

ఆయన మళ్లీ పలికాడు. రేడియో తల ఎత్తి ఆ ముసలి పెదాలవంక కన్నార్పకుండా చూసింది. పలికింది. పై పళ్లు కింది పెదవి మీద తిన్నగా ఆనాయి, గాలి మధ్యలోంచి సన్నగా వచ్చింది, మూతి గుండ్రంగా చుట్టుకుని గుండ్రంగా విడింది. బుస్సు లేదు. అయితే గొంతు మాత్రం ఆయనదే, బొంగురుతో సహా. వెనక బెంచీ కిసుక్కుమంది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఇప్పుడు నీ గొంతుతో అనమ్మా అన్నాడు. నా గొంతు ఏదో నాకేం తెలుసు అన్నట్టు ఆ పిల్ల ఒక్క క్షణం తడుముకుంది. తర్వాత సన్నటి సొంత గొంతుతో, కాస్త తడబడుతూ, ఆ వాక్యాన్నే తిన్నగా అంది.

ఆ శబ్దం టీచరుకి తెలుసు. కిందటి ఏడాది వరకు తన నోట్లో ఉన్నదే అది. పోయిందని కూడా తెలియకుండా పోయింది.

"పాస్" అన్నాడు పరీక్షాధికారి. మొన్న అన్న మాటకి ఏమీ అనుకోవద్దని కూడా అనబోయినట్టున్నాడు. దగ్గుతో సరిపెట్టాడు. ముందు బెంచీ పరీక్షని ఈ వారం చివరికి జరిపిస్తున్నాననీ, అంతవరకు తానే వాళ్లచేత పలికిస్తాననీ చెప్పాడు. టీచరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, పైన రాయడం నేర్పే క్లాసులున్నాయనీ, అక్కడ నోటితో పని లేదనీ అన్నాడు. సరేనంది ఆవిడ. సుద్దముక్క ఆయన చేతికిచ్చింది.

ఇక అక్కడ నిలబడటానికి చోటు లేదు. వెళ్లిపోవచ్చు, వెళ్లిపోవడానికి కాళ్లు రాలేదు. ముందు బెంచీలో చివర కాస్త ఖాళీ ఉంటే రేడియో అక్కడ కూర్చుంది, టీచరు ఆ పిల్ల పక్కన ఒదిగి కూర్చుంది. పరీక్షాధికారి పలికాడు. బెంచీ తిరిగి పలికింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, మూతులన్నీ ఎడమకే వెళ్లాయి. ఇంకోసారి అన్నాడు ఆయన. ఇంకోసారి అన్నారు. వాళ్లతోపాటు తనకి తెలియకుండానే టీచరు కూడా అంది.

రేడియో తల తిప్పి చూసింది. ఆ మొహంలో జాలి లేదు, క్షమించినట్టూ లేదు. మడత సరిగ్గా పడని దుప్పటిని చూసినట్టు చూసింది. సబ్బునీళ్లకి నాని తెల్లగా ముడతలుపడ్డ చూపుడువేలు ఎత్తి, టీచరు నోటి కుడిమూల కింద ఆనించి, వేలాడుతున్న పెదవిని పైకి నెట్టి పట్టుకుంది.

"ఇప్పుడనండి."

టీచరు అంది. గాలి మధ్యలోంచి వచ్చింది. పూర్తిగా కాదు, సగానికి పైగా వచ్చింది. పరీక్షాధికారి బోర్డు వైపు తిరిగి ఉన్నాడు. మడతలక్క, నీళ్లు మోసే పిల్ల, బెంచీ బెంచీ అంతా తన వైపే చూస్తున్నారు. ఇన్నాళ్లూ వాళ్లకి ఏం నేర్పిందో వాళ్లకి ఇప్పుడు తెలిసింది. టీచరుకి సిగ్గేసింది. మెడ దగ్గర మొదలై చెవులదాకా వేడిగా పాకింది. చలికాలం నుంచి ఇప్పటిదాకా ఆవిడకి ఇది అనిపించింది అని చెప్పుకోవడానికి దొరికిన మొదటిది అదే. లేచి వెళ్లిపోవాలనిపించింది, వెళ్లలేదు.

రేడియో వేలు తియ్యలేదు. పరీక్షాధికారి వాక్యం మళ్లీ మొదలుపెట్టాడు.